స్క్రూల తమ్ముడి పన్నెండో ఉత్తరం

మా మేడ కింద గదిలో కంప్యూటర్లు రిపేరు చేసే మా తమ్ముడిని వీధి మొత్తం స్క్రూల తమ్ముడు అంటుంది. చొక్కా జేబులో, చెప్పుల్లో, ఒక్కోసారి కంచంలో కూడా స్క్రూలు దొరుకుతాయి. పక్క గదిలో బట్టలు కుట్టే అతని భార్య, నా మరదలు, సూదులు మాత్రం ఒక్కటీ పారేసుకోదు.

నిన్న పొద్దున నేను దిగేసరికి షట్టరు సగమే తీసి, తల పట్టుకుని కూర్చున్నాడు.

"పెద్దాయన పోయాడక్కా."

"అయ్యో, మీ మామగారా?"

"మా నాన్న పోతే ఈయన ఇంతలా కూలబడతాడా వదినా?" అంది మరదలు మిషను ఆపకుండానే.

పోయింది ఎక్కడో దూరదేశంలో, కంప్యూటరులో ఉత్తరాలు టైపు చేసే పాత ప్రోగ్రాం ఒకటి తయారుచేసిన పెద్దమనిషి. మా తమ్ముడు కుర్రతనంలో ఒక ఆఫీసులో ఆ ప్రోగ్రాం మీదే టైపు కొట్టేవాడు. పేజీ నిండా రాస్తే ఆఖరి వరుస ప్రింటులో మాయమయ్యేది. ఆఖరి వరుసలో ఉండేది మేనేజరు పేరు. పేరు లేని నోటీసులు నెల రోజులు గోడలకెక్కాయి, మావాడు ఉద్యోగంలోంచి దిగాడు. తప్పు తనది కాదని ఆ పెద్దాయనకే ఉత్తరాలు రాశాడు. "నువ్వు చెప్పింది నిజమే, సరిచేశాను" అని జవాబు కూడా వచ్చిందట. అట అని ఎందుకంటున్నానంటే, ఊళ్లో వాళ్ల కంప్యూటర్లన్నీ బాగుచేసే ఈ మహానుభావుడు సొంత కంప్యూటరు బాగుచేయబోయి ఆ జవాబును చెరిపేసుకున్నాడు. ఇరవై రెండేళ్లుగా వీధిలో ఎవరూ నమ్మలేదు. అందరికంటే తక్కువ నమ్మింది భార్య.

ఆ ప్రోగ్రాం వాడినవాళ్లకి ఫోనులో ఒక గుంపుంది. నేను కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్కొక్కటీ పైకి చదవమన్నాను.

"'ఇన్నాళ్లూ బతికే ఉన్నాడా?' అని ఒకడు. 'నా పెళ్లి పత్రికలో పెళ్లి తేదీ మింగేశాడు, స్వర్గంలో కలిసినప్పుడు అడుగుతా' అని ఇంకొకడు."

"చచ్చినాయన్ని పట్టుకుని ఇవేం మాటలురా!"

"అది మా గుంపు పద్ధతక్కా. పోయినవాళ్లని పొగడం. వాళ్లవల్ల పడ్డ తిప్పలు చెప్పుకుంటాం. ఆ పద్ధతి పెట్టింది ఆయనే."

పద్ధతి ప్రకారం మావాడూ తన కథ రాశాడు, జవాబు సంగతితో సహా. క్షణంలో కింద నవ్వే బొమ్మలు బారులు తీరాయి. 'ఉత్తరం చూపించు' అన్నాడొకడు. 'మా తాతకి కూడా రోజూ రాసేవాడు' అన్నాడు మరొకడు. మావాడి మొహం తడిసిన కాగితంలా అయిపోయింది. వీధి నవ్వితే నవ్వింది, ఇది వాడి సొంత కులం.

మిషను చప్పుడు ఆగింది.

"ఎవడు వాడు? మా ఆయన్ని అబద్ధాలకోరు అనడానికి వాడెవడు? ఆ మాట నేనుకదా అనాలి!" అంటూ మరదలు టేపు మెడలో వేసుకునే వచ్చింది.

"ఆయన తాలూకు వాళ్లు లేరా గుంపులో?" అన్నాను.

"కూతురుంది. కబురు పెట్టింది ఆమే."

"అయితే ఆమెనే అడుగు."

"చావింట్లో ఏమడుగుతానక్కా, బాగుండదు."

"చావింట్లోనేరా అడిగేది. బతికుండగా తీరిగ్గా ఎవరు చెప్పి చస్తారు?"

వాడు వెనకాడుతుంటే మరదలు ఫోను లాక్కుని కూతురికి తనే టైపు కొట్టింది. జవాబు ఈరోజు మధ్యాహ్నం వచ్చింది. పెద్దాయన తనకు చెప్పిన ప్రతి తప్పూ నోటుబుక్కులో రాసుకునేవాడట. కూతురు ఆ పేజీ ఫోటో తీసి గుంపులో పెట్టింది. మావాడి పేరు, మా వీధి పేరు, దాని కింద నాలుగు మాటలు:

"ఆఖరి వరుస మాయం. నిజమే, తప్పు నాదే. సరిచేసి జవాబు రాశాను. ఈ మనిషి మొత్తం పన్నెండు ఉత్తరాలు రాశాడు. ఇంట్లోవాళ్లు ఎలా భరిస్తున్నారో!"

మరదలు రెండుసార్లు చదివింది.

"ఈయన గురించే వదినా. అనుమానమే లేదు. ఆయనకి ఈయన నిజంగానే తెలుసు" అంది. కళ్లు తుడుచుకుంది కూడా, నేను చూడలేదనుకుని.

గుంపులో నిన్న నవ్వినవాళ్లే దండాలు పెడుతున్నారు. మావాడు అవేమీ చూడటం లేదు. ఫోటో పెద్దది చేసి, వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటున్నాడు.

"అక్కా, పన్నెండు కాదు. నేను రాసింది పదకొండే. ఆయన లెక్క తప్పు."

"పోనీరా."

"పోనీ ఏంటక్కా, రాసి ఉంచిన తప్పు తప్పేగా. కూతురికి ఒక ముక్క చెప్పాలి" అని కీబోర్డు ముందుకు లాక్కున్నాడు.

"అదిగో వదినా," అంది మరదలు నెత్తి కొట్టుకుంటూ, "పన్నెండోది!"