రెండో చెవి

డోర్కాసమ్మ తలలో ఎడమ చెవి పైన జుట్టు ఎప్పుడూ కాస్త అణిగి ఉండేది. దూరపు ఊళ్ళకు ఫోన్లు కలిపే ట్రంక్ ఎక్స్ఛేంజ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసిన ఆడవాళ్ళ గుర్తు అది. వాళ్ళ హెడ్‌సెట్‌కు ఒకటే చెవి డిప్ప ఉండేది. దాన్ని ఎడమ చెవికి పెట్టుకుని, కుడి చెవిని సూపర్‌వైజర్ పిలుపు కోసం, పక్క సీటు మనిషి మాట కోసం ఖాళీగా ఉంచుకోవాలి. అబిడ్స్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమెకు నేర్పిన మొదటి పాఠం ఇదే. రెండో పాఠం, లైన్‌లో విన్నది బయట చెప్పకూడదని.

రెండు పాఠాలనూ ఆమె ఒకే శ్రద్ధతో పాటించింది. తప్పిపోయిన పెళ్ళి సంబంధాలు, అన్నదమ్ముల దుకాణాల తగాదాలు, ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరుతో మాట్లాడే పెద్దమనుషులు, అన్నీ ఆ ఎడమ చెవిలో పడ్డాయి. ఏ ఒక్కటీ ఇంటికి రాలేదు. మాట్లాడేవాళ్ళకు అనుమానం వచ్చి లైన్‌లో ఎవరని అడిగితే, "డిస్టర్బెన్స్ సార్, మాట్లాడండి" అని నెమ్మదిగా తప్పుకునేది. భర్త తాతారావు నాంపల్లి స్టేషన్‌లో పార్శిల్ ఆఫీసు గుమాస్తా. ఊళ్ళో ముచ్చట్లన్నీ మోసుకొచ్చి భార్యకు చెప్పేవాడు. బదులుగా ఒక్క ముచ్చటైనా దొరకడం లేదని పోయేదాకా ఫిర్యాదు చేస్తూనే ఉన్నాడు.

గల్లీకో ఎస్టీడీ బూత్ వచ్చాక ట్రంక్ కాల్ బుక్ చేసేవాళ్ళు తగ్గిపోయారు. ఆమెను నంబర్లు చెప్పే ఎంక్వైరీకి మార్చారు. అక్కడి నుంచే రిటైరయింది. అప్పటికి కూతురు జెర్లిన్‌కు బషీర్‌బాగ్‌లో ఒక బ్యాంకులో ఉద్యోగం. తల్లీకూతుళ్ళు నాంపల్లిలో పాత ఇంటి మేడ మీద కిరాయికి ఉండేవారు.

ఉద్యోగం కాక డోర్కాసమ్మకు ఉన్నది చర్చి క్వయర్ ఒక్కటే. మెదక్‌లో చిన్నప్పుడే సోల్ఫా స్వరాలు చదవడం నేర్చుకుంది. హైదరాబాదు వచ్చినప్పటి నుంచీ ఆల్టో పాడుతోంది. ఒక పాటను నాలుగు గొంతులుగా పంచుకుని పాడేటప్పుడు, పై రాగం సోప్రానోలది, అది అందరికీ వినిపిస్తుంది. అడుగున బేస్ గొంతులు కూర్చున్న బల్లను కూడా కదిలిస్తాయి. నడుమ ఉండే ఆల్టోలు పాడుతున్నారని ఎవరికీ తెలియదు. తప్పు పాడితే మాత్రం తెలుస్తుంది.

తొంభై మూడులో ఈస్టర్‌కు అదే జరిగిందని క్వయర్ మాస్టర్ జ్ఞానశేఖర్ అన్నాడు. ఆయనది తెనాలి వైపు. సుల్తాన్ బజార్ దగ్గర ఒక స్కూల్లో లెక్కల మాస్టారు. ఆ ఏడు సొంతంగా ఒక పాట రాసి, నాలుగు గొంతులకూ స్వరం కట్టి, నెలల తరబడి నేర్పించాడు. రెండు మైకులు కిరాయికి తెచ్చి, వేదికకు ఎడమ కొసన ఒకటి, కుడి కొసన ఒకటి పెట్టించి రికార్డు చేయించాడు. సోప్రానోలు, బేస్‌లు ఎడమ వైపు నిలబడ్డారు. ఆల్టోలు, మగవాళ్ళలో పై గొంతు పాడే టెనర్లు కుడి వైపు. కేసెట్ బయటికి వచ్చినప్పుడు మిగతా పాటలన్నీ ఉన్నాయి, ఆ పాట ఒక్కటి లేదు. అడిగితే ఆయన ఒకే మాట అన్నాడు: "మూడో చరణంలో ఆల్టోలు శ్రుతి దిగిపోయారు."

ఆల్టోల లీడర్ డోర్కాసమ్మ. దిగలేదని ఆమె. దిగారని ఆయన. ఇద్దరూ ప్రతి ఆదివారం వందనాలు చెప్పుకుంటూనే, ప్రతి ఈస్టర్‌కూ ఆ మాట మీద ఒకసారి మర్యాదగా పోట్లాడుకుంటూనే పదమూడేళ్ళు గడిపారు. అసలు టేపు చర్చి వెనక వెస్ట్రీ గదిలో ఒక రేకు పెట్టెలో ఉండిపోయింది.

రెండువేల ఆరులో క్వయర్‌కు యాభై ఏళ్ళు నిండుతున్నాయని, పాత రికార్డింగుల నుంచి ఒక సీడీ చేయాలని కమిటీ అనుకుంది. ఏ పాట బాగుందో విని ఏరే పని ఎవరికివ్వాలన్నప్పుడు బేస్ పాడే సామ్ సుందర్, జీవితమంతా చెవికి డిప్ప తగిలించుకుని కూర్చున్న మనిషి మన మధ్య ఒక్కరే ఉన్నారని అందరినీ నవ్వించాడు. డోర్కాసమ్మ నవ్వలేదు. ఆ ఈస్టర్ పాట సంగతి కూడా తేల్చాలని అడిగింది.

జ్ఞానశేఖర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "తేల్చమ్మా. ఆల్టోలు దిగలేదని తేలితే పాట సీడీలో ఉంటుంది. నా మాట నేను అందరి ముందూ వెనక్కి తీసుకుంటాను."

జెర్లిన్ టేపులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. వినబోతే చిక్కొచ్చింది. కంప్యూటర్‌కు హెడ్‌ఫోన్ తగిలిస్తే పాట వెనక సన్నగా ఒక కీచు పలికేది. మౌస్ కదిపితే కీచు పెరిగేది. దానికి మందు అబిడ్స్‌లో అఖిలేష్ దగ్గర ఉంటుందని తేలింది. పోస్టాఫీసు వెనక గల్లీలో మేడ మీద ఉన్న ఆ దుకాణంలో అతని తండ్రి రేడియోలు అమ్మేవాడు. అఖిలేష్ మైకులు, హెడ్‌ఫోన్లు, ఇంకా ఎవరూ అడగని వస్తువులు అమ్ముతాడు. కంప్యూటర్‌లో పాట అంకెలుగా ఉంటుందని, ఆ అంకెలను శబ్దంగా మార్చే భాగాన్ని డాక్ అంటారని, ఆ శబ్దాన్ని హెడ్‌ఫోన్‌కు సరిపడా పెంచేది యాంప్లిఫయర్ అని వివరించాడు. రెండూ ఒకే డబ్బాలో ఉండి, బల్ల మీద పెట్టుకునేవి అతని దగ్గర మూడున్నాయి. వాటిలో ఏది కొనాలో అతను చెప్పనన్నాడు.

"ఇంటికి తీస్కపోయి వినున్రి మేడమ్. మీ పాట, మీ చెవి. నేను చెప్తే నా చెవితోని కొన్నట్టయితది."

ఒకటి నల్లది, బరువైనది. రెండోది వెండి రంగుది, ముందు నీలం దీపం ఉంది. మూడోది బాలానగర్‌లో ఎవరో సొంతంగా చేసి ఇచ్చే బూడిద రంగు రేకు డబ్బా. సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్ మీద ఉండాల్సిన నాబ్ దాని మీద ఉంది. ఒక మంచి హెడ్‌ఫోన్ కూడా ఇచ్చి, చూశాక అన్నీ తిరిగి తెమ్మన్నాడు.

కమిటీ డబ్బుతో కొనేది కాబట్టి కమిటీ వాళ్ళు ఒక్కొక్కరే మేడ మెట్లెక్కి వచ్చారు. సామ్ సుందర్ నల్ల డబ్బా విని కళ్ళు మూసుకున్నాడు. తన గొంతు అంత గంభీరంగా ఉంటుందని తనకే ఎవరూ చెప్పలేదట, ఇక వేరేవి వినక్కర్లేదట. జ్ఞానశేఖర్ భార్య సుగుణమణి సోప్రానో. ఆమెకు నల్లది ఎవరో దుప్పటి కప్పినట్టుంది. వెండి డబ్బాలో తన పై షడ్జమం గాజులా మోగిందని మూడుసార్లు వెనక్కి తిప్పించి వింది. బూడిద డబ్బా విన్నప్పుడు మాత్రం ఇద్దరి మొహాలూ ఒకేలా అయ్యాయి. అందులో సామ్ సుందర్ గొంతులో గరగర ఉంది, సుగుణమణి ఊపిరి పీల్చడం ఉంది.

"ఇది పాడైన డబ్బా లెక్క ఉందక్కా, వాపస్ ఇచ్చేయ్" అన్నాడు సామ్ సుందర్.

మరి ఆల్టోలు ఎలా ఉన్నారని డోర్కాసమ్మ ఇద్దరినీ అడిగింది. ఇద్దరూ ఆలోచించారు. ఆల్టోలను గమనించలేదని ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఆమె మధ్యాహ్నాలు తలుపు దగ్గరేసుకుని, మూడు డబ్బాలనూ మార్చి మార్చి వింది. నల్లదాంట్లో సామ్ సుందరే. వెండిదాంట్లో సుగుణమణే. బూడిద డబ్బాలో ఇద్దరూ ఉన్నారు, ఇంకా చాలా ఉన్నాయి. చర్చి ఫ్యాన్ల కిర్రు ఉంది. పాటంతా చెక్క వేదిక మీద టక్ టక్ మని ఒక చప్పుడు ఉంది. కొంతసేపు విన్నాక అది జ్ఞానశేఖర్ బూటు మడమ అని ఆమెకు అర్థమైంది. తాళం వేస్తూ వేస్తూ ఆ బూటు పాటకంటే ముందు పోతోంది. క్వయర్ పరిగెత్తుతోందని ఇన్నేళ్ళూ వాళ్ళను కోప్పడింది ఆయనే. ఆ సంగతి ఆమె జెర్లిన్‌కు కూడా చెప్పలేదు.

ఇన్ని వినిపించిన డబ్బాలో కూడా ఆల్టోలు లేరు. మూడో చరణంలో ఎక్కడో గోడ అవతల పాడుతున్నట్టు ఒక నీడ ఉంది, అంతే. దిగారా, నిలిచారా తెలిసేటంత లేదు. డోర్కాసమ్మకు మనసు చిన్నబోయింది. అప్పుడే కాదు, ఇప్పుడు ఇంత మంచి యంత్రానికి కూడా తాము వినపడలేదు.

శనివారం మధ్యాహ్నం మూడు డబ్బాలూ సంచిలో పెట్టుకుని అఖిలేష్ దుకాణానికి బయలుదేరింది. కమిటీ తరఫున జ్ఞానశేఖర్ కూడా వచ్చాడు. ఏదీ పనికిరాదని ఆమె అంటే, ఆయన ఆ మాట అఖిలేష్‌కే వినిపించమన్నాడు. మెట్లెక్కుతూ, ఆల్టోలను వినిపించే యంత్రం ఇంకా కనిపెట్టలేదేమోనని మెల్లగా ఒక మాట వేశాడు కూడా.

అఖిలేష్ నొచ్చుకోలేదు. కౌంటర్ మీద కంప్యూటర్‌కు బూడిద డబ్బా కలిపి, జెర్లిన్ ఆ పాట ఎక్కించి ఇచ్చిన సీడీ పెట్టి, ఇంట్లో ఎలా విన్నారో అలాగే ఒకసారి వినమన్నాడు. డోర్కాసమ్మ హెడ్‌ఫోన్ తీసుకుని, ఎడమ డిప్పను చెవికి పెట్టుకుని, కుడి డిప్పను చెవి వెనక్కి నెట్టుకుంది. పాట మొదలైంది.

అఖిలేష్ కాసేపు చూసి చేయెత్తాడు.

"మేడమ్, జర ఆగున్రి. రెండో చెవి ఎందుకు బయట పెట్టిన్రు?"

ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు. జ్ఞానశేఖర్‌కూ కాలేదు. ఆయన చూసిన పాత ఆఫీసు ఫోటోల్లో ఆమె ఎప్పుడూ అలాగే ఉంది. సామ్ సుందర్, సుగుణమణి, జెర్లిన్ కూడా అలాగే చూశారు. అందులో వింత ఎవరికీ కనపడలేదు.

"ఎవలన్న పిలుస్తే వినొద్దా?" అంది డోర్కాసమ్మ.

"ఇప్పుడెవరు పిలుస్తరు మేడమ్?"

ఆమె కుడి చేత్తో డిప్పను ముందుకు జరిపి చెవి మీద పెట్టుకుంది. అలా పెట్టుకోవడం ఆమె జీవితంలో అదే మొదటిసారి.

కుడి మైకు ముందు నిలబడ్డ ఆల్టోలు కుడి చెవిలోకి వచ్చారు. ఎక్కడో గోడ అవతల కాదు, పక్కనే. ఎప్పుడూ తన పక్కనే నిలబడి పాడి, పోయిన ఏడాది చనిపోయిన పోశవ్వ గొంతు ఉంది. బరువుగా, కొంచెం ముక్కుతో. మొదటి రెండు చరణాలూ వాళ్ళు నిండుగా పాడారు. డోర్కాసమ్మ నవ్వుతోందని అఖిలేష్ చూశాడు, జ్ఞానశేఖర్ కూడా చూసి కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

మూడో చరణం వచ్చింది. "రాయి" అన్న మాటను ఎనిమిది తాళం దెబ్బల సేపు సాగదీసే చోటు. మొదట అందరూ నిలిచే ఉన్నారు. తర్వాత ఒక గొంతు, గట్టి గొంతు, నమ్మకంగా, మెట్టు దిగుతున్నట్టుగా కిందికి జారింది. మిగతావాళ్ళు ఒక్క క్షణం తమ చోటే ఉండి, ఆ గొంతును నమ్మి వెనకే దిగారు. ఆ గొంతు ఎవరిదో తెలుసుకోవడానికి ఆమె రెండోసారి వినక్కర్లేదు. అయినా వింది.

తర్వాత నల్ల డబ్బా కలపమంది. అందులో ఆల్టోలు సామ్ సుందర్ గొంతు కింద మెత్తగా కలిసిపోయారు, జారుడు ఉన్నా లేనట్టే ఉంది. వెండి డబ్బాలో సుగుణమణి పైనుంచి వెలుగు చల్లుతుంటే అది ఒక సొగసులా కూడా అనిపించింది. ఆ రెంటిలో ఏది కొన్నా కమిటీ సంతోషిస్తుంది. జ్ఞానశేఖర్ విన్నా ఆమె మాటే నెగ్గుతుంది, పాట సీడీలో ఉంటుంది. కౌంటర్ మీద మూడు డబ్బాలూ వరసగా ఉన్నాయి. ఆయన అడగకుండా ఎదురుచూస్తున్నాడు.

లైన్‌లో విన్నది బయట చెప్పకూడదు. ఆ పాఠాన్ని ఆమె తిప్పి తిప్పి చూసుకుంది. అది వేరేవాళ్ళ మాటల గురించి.

"గీ బూడిదది తీస్కుందాం సార్" అంది. "దిగింది నేనే. మిగతావాళ్ళు నా ఎనక వచ్చిన్రు, గంతే. వాళ్ళను అనకున్రి ఇగ."

అఖిలేష్ వెండి డబ్బాను అట్టపెట్టెలో సర్దుతూ తలెత్తలేదు. జ్ఞానశేఖర్ కళ్ళజోడు పెట్టుకుని, బూడిద డబ్బాకు హెడ్‌ఫోన్ మళ్ళీ తగిలించమని సైగ చేసి, రెండు చెవులకూ సరిగ్గా పెట్టుకుని, పాట మొదటి నుంచీ విన్నాడు. మూడో చరణం వచ్చేసరికి కుడి చెయ్యి దానంతట అదే లేచి, గాలిలో ఆల్టోల వైపు చాపుకుని నిలిచింది. ఆ చెయ్యి చాలాసేపు దిగలేదు.

"దిగావమ్మా" అన్నాడు హెడ్‌ఫోన్ తీయకుండానే, చెవుల్లో పాట ఉన్న మనిషి కాబట్టి కొంచెం పెద్దగా. "కానీ తర్వాత మాటకే మళ్ళీ ఎక్కావు. అందరినీ ఎక్కించావు కూడా. నేను దిగడం దగ్గరే ఆగిపోయాను, ఎక్కడం వినలేదు ఇన్నేళ్ళూ." ఇంకొంచెం విన్నాడు. "పాట ఉంటుంది. వాళ్ళ ముందు ఇదే చెప్తాను."

డోర్కాసమ్మ సంచి మడిచి చంకలో పెట్టుకుంది. పోశవ్వ ఉంటే ఈ మాటకు నెల రోజులు నవ్వేది అనుకుంది.

పాట అయిపోవస్తోంది. జ్ఞానశేఖర్ ఉన్నట్టుండి రెండు డిప్పలనూ అరచేతులతో చెవులకు నొక్కుకున్నాడు. కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"డోర్కాసమ్మా, ఈ టక్ టక్ ఏంటి? పాటంతా ఉంది. పైగా తాళం కంటే ముందు పోతోంది."

ఆమె ఆయన బూట్ల వైపు చూడలేదు.

"లైన్‌లో డిస్టర్బెన్స్ సార్" అంది. "వినున్రి."