దేవదూత ఎక్కి వచ్చిన కారు

పెనం మీది జొన్నరొట్టెను ఏసమ్మ చేత్తోనే తిప్పుతుంది. వేళ్లు చురుక్కుమంటాయి. వెంటనే చెవితమ్మె పట్టుకుంటుంది. ఇస్నాపూర్ చౌరస్తాలో ఆ రొట్టెలు తిని డ్యూటీకి పోయేవాళ్లలో కొత్తవాళ్లు, ఈమె రొట్టెరొట్టెకూ దేవుడికి తప్పయిందని చెప్పుకుంటుందేమో అనుకుంటారు. చెప్పుకోదు.

కొండాపూర్ అవతలి పల్లె ఆమెది. భర్తకు కంపెనీలో పని దొరికి ఇక్కడికి వచ్చారు. భర్త పోయాక ఇంట్లోని పొయ్యి రోడ్డు మీదికి వచ్చింది. పక్కనే సుమిత్ర చాయ్ డబ్బా.

శుక్రవారం సాయంత్రం కిరాయి గదుల వాకిట్లో ఆడవాళ్ల ప్రార్థన కూటం. కోడలు సిల్వియా బైబిల్లో ఒక అధ్యాయం చదువుతుంది. చదువు రాని ఏసమ్మ విన్నదాన్ని తన మాటల్లో చెబుతుంది. చాలామంది వచ్చేది ఆ మాటలకే.

ఆమె కథల్లో ప్రవక్తలెవరూ ఇష్టపడి పనిలో చేరినవాళ్లు కారు. యోనా డ్యూటీ ఎగ్గొట్టి ఓడెక్కాడు. ఏలీయా చెట్టు కింద పడుకుని ఇక నా వల్ల కాదన్నాడు. దూత వచ్చి మొదట రొట్టె పెట్టాడు, తర్వాతే మాట. "కడుపు కాలినోనితోని ముచ్చట పెట్టొద్దని దేవునికి తెల్వదా?" అంటుంది. ఎముకల లోయలో యెహెజ్కేలుది ఫిట్టర్ పని. ఏ బొక్క ఏ బొక్కకు తగలాలో చూడాలి.

అందరూ అడిగి చెప్పించుకునేది మాత్రం యెషయా కథ. ఆయనకు దర్శనంలో దేవుడు కనిపించాడు. నా పెదవులు మంచివి కావు, నేను చచ్చానని యెషయా ఏడ్చాడు. ఆరు రెక్కల దూత బలిపీఠం మీది నిప్పు తెచ్చి ఆయన పెదవులకు తాకించాడు. ఆ నిప్పును 'కారుతో' తీశాడని బైబిల్లో ఉంది. అందుకని ఏసమ్మ కథలో దూత కారులో వచ్చాడు.

"ఆరు రెక్కలుండంగ కారెందుకు పెద్దమ్మా?" అని ఎవరో ఒకరు అడుగుతారు.

"చేతిల నిప్పున్నది. ఎగిరితే గాలికి ఆరిపోదా?"

మొదట్లో అది తెల్ల అంబాసిడర్. ఈమధ్య ఇన్నోవా అయింది.

చర్చికి కొత్తగా వచ్చిన అయ్యగారు విక్టర్ ఒక శుక్రవారం వెనక నిలబడి విన్నాడు. పాస్టర్ చదువు చదివినవాడు. కథ అయ్యాక ముందుకు వచ్చాడు.

"అమ్మా, అది కారు కాదు."

"జీపా?" అంది ఏసమ్మ.

"పట్టుకారు. పాత తెలుగులో కారంటే పట్టుకారు."

వాకిలంతా నవ్వింది. సిల్వియా బైబిలు అడ్డం పెట్టుకుని నవ్వింది. విక్టర్ కూడా కాస్త నవ్వి, గొంతు సవరించుకున్నాడు. "వచ్చే వారం నుంచి కథ జెన్నిఫర్ చెప్తది. మీరు పాటలు పాడించుండ్రి."

స్కూల్లో పాఠాలు చెప్పే జెన్నిఫర్ తల దించుకుంది. ఏసమ్మ చేయి చెవి దగ్గరికి పోయింది. అక్కడ పొయ్యి లేదు.

రాత్రి రొట్టెలకు ఏసమ్మ చౌరస్తాకు వచ్చేసరికే సంగతి సుమిత్రకు చేరింది.

"ఏందక్కా, కారు అమ్ముకున్నవట?"

"మీ దేవుళ్లకు ఎద్దున్నది, నెమలున్నది, ఎలుక సుత ఉన్నది. మా దూతకు ఒక్క బండి ఉంటె తప్పయిందా?"

"పోనీ తియ్. జెన్నిఫర్ మంచిగనే చెప్తది గదా."

"తప్పు లేకుంట చెప్తది. ఎవలు వింటరు?" ఏసమ్మ పిండి చేతులు దులుపుకుంది. "వారమంత రొట్టెలే నాకు. గా ఒక్క పూటనే నా మాట నలుగురు వినేది. గది సుత గుంజుకున్నడు." సుమిత్ర పట్టుకారుతో చాయ్ గిన్నె దించుతుంటే చూసి అంది, "పొద్దుగాల నీ పట్టుకారు జెర ఇయ్యి."

తెల్లారింది. ఒంటరిగా గదిలో ఉండే విక్టర్ ఎప్పటిలాగే రొట్టె కోసం వచ్చాడు. షిఫ్టుకు పోయేవాళ్లు చుట్టూ నిలబడి తింటున్నారు. ఏసమ్మ పట్టుకారుతో పొయ్యిలోంచి నిప్పు తీసి పైకెత్తింది.

"అయ్యగారూ, కారు తెచ్చిన. సూడుండ్రి."

రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంటున్న విక్టర్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"గంత పెద్ద దూత. తన చెయ్యి కాలుతదని పట్టుకారు తెచ్చుకున్నడు. యెషయా మూతికేమో ఉత్త నిప్పు పెట్టిండు."

"అచ్చం మా సూపర్‌వైజరే," అన్నాడు రొట్టె నములుతున్న ప్రవీణ్. "గ్లౌజులు ఆయనకు, యాసిడ్ డ్రమ్ములు మాకు."

అందరూ నవ్వారు. విక్టర్‌కు రొట్టె గొంతుకు అడ్డం పడింది. సుమిత్ర నీళ్లిచ్చింది. దగ్గు తగ్గాక కూడా ఆయన నవ్వు తగ్గలేదు.

"పాటలు జెన్నిఫర్ పాడిస్తది," అన్నాడు. "కథ మీరే చెప్పుండ్రి. కారు మాత్రం వద్దమ్మా."

"సరే. దూత కారు బయట నిలబెట్టి వస్తడు తియ్యుండ్రి."

ఏసమ్మ పట్టుకారు సుమిత్రకు ఇచ్చేసింది. మాడుతున్న రొట్టెను చేత్తో తిప్పి, చెవి పట్టుకుంది.