ఆముదంతో వేసిన ముఖం

అత్తగారింట నేను మొట్టమొదట అడిగింది నగ కాదు, రంగులు. అరవైల మొదట్లో సంగతి. జడ్చర్ల నుంచి బస్సులో గంట దూరంలో ఉన్న పల్లెకు కోడలిగా వచ్చి ఏడాది కూడా కాలేదు. నాలా ముగ్గు వేసేవాళ్లు చుట్టుపక్కల లేరన్న పొగరు నాకు కొంచెం ఎక్కువే. అది చూసే కాబోలు, ఒక మధ్యాహ్నం ఆముదం గింజలు చెరుగుతూ అత్త మెల్లగా అడిగింది, మీ మామ బొమ్మ గీస్తావా అని.

మామ పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. ఆయన్ని నేను చూడనే లేదు, ఇంట్లో ఒక్క ఫోటో లేదు. ఎవరిని చూసి గీయాలని అడిగితే, తను చెప్తుందట, నేను గీయాలట. నాకు నవ్వొచ్చింది. అప్పుడామె చేట ఆపింది.

"కండ్లు మూస్తె తలకు సుట్టిన రుమాలు కనబడుతది బిడ్డా. గీ నడుమ ఆయన మొఖం కనబడుత లేదు."

నవ్వు ఆగిపోయింది. మనిషి పోయింది చాలక, ముఖం కూడా పోతోందని ఆమె భయం. గీస్తానన్నాను.

మా ఆయన నన్ను జడ్చర్ల తీసుకుపోయాడు. అక్కడ దుకాణాలకు బోర్డులు రాసే పెద్దాయన ఒకడుండేవాడు. ఆయన ముందు డబ్బాల నిండా రంగుల పొడులు. నేను అది కావాలి, ఇది కావాలి అని పన్నెండు చూపించాను. ఆయన పది తీసి పక్కన పెట్టాడు. మొదటిసారి వేసేవాళ్లకు నాలుగు చాలన్నాడు: తెల్లటి సఫేదా, పసుపుపచ్చ పేవుడి, ఎర్రటి జాజు, దీపం మసి. గోడలకు పూసే జాజు, చూరు కింద మసి మా ఇంట్లోనే ఉన్నాయి కాబట్టి కొనవలసినవి రెండేనట. కుంచెలు కూడా రెండే ఇచ్చాడు, వెడల్పుది ఒకటి, సన్నది ఒకటి. ఒత్తుగా నేసిన గుడ్డను చెక్కచట్రానికి బిగించి కొట్టాలని, వడ్రంగులు వాడే జిగురు పలచగా పూసి ఆరనివ్వాలని, పొడిని అవిసె నూనెతో మెత్తగా నూరాలని చెప్పాడు. ఆ నూనె తన దగ్గర అయిపోయిందట, పట్నం నుంచి రావాలట, పది రోజులు ఆగమన్నాడు.

ఆగడం నా జాతకంలో లేదు. నూనె అంటే నూనే కదా అనుకున్నాను. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అంటారు. మా వైపు చేలల్లో కళ్లు పోయినంత దూరం అవే. ఇంట్లో కుండెడు ఆముదం పెట్టుకుని అవిసె నూనె కోసం ఎవరు కాచుకుంటారు?

గుడ్డ మాత్రం అత్తే ఇచ్చింది. సందూకు తెరిచి మామ పాత దోతి తీసి, అంచు నా చేతిలో పెట్టి, చింపమంది. తను చింపలేకపోయింది.

నడిమింట్లో పెంకు సందు నుంచి పడే వెలుతురులో వేశాను. ఆమె చెప్తుంటే వేసిన ముఖం చివరికి ఆముదం తాగినట్టు తయారైంది. ఆ మాట ఆమే అన్నది, ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. వారం పోయింది, నెల పోయింది, వానలు పడ్డాయి. రంగు ఆరలేదు. దుమ్ము అంటుకునేది, ఈగలు అంటుకునేవి. నేను తిట్టుకుంటూ సూదిమొనతో తీసేదాన్ని.

ఒకరోజు కనుబొమ ఎక్కడ లేవాలో చూపించబోయి ఆమె వేలు తగిలించింది. కనుబొమ వేలి వెంట కదిలి పైకి లేచింది. ఆమె ఉలిక్కిపడి వేలు చూసుకుంది, మళ్లీ బొమ్మ చూసింది. "గిట్లనే" అంది.

నోటితో చెప్పలేనిది ఆమె వేలికి గుర్తుంది. ఆ రోజు నుంచి మధ్యాహ్నాలన్నీ అదే పని. బయట సన్నటి వాన, ఇల్లంతా ఆముదం వాసన. నాకు కునుకు పట్టేది. కళ్లు తెరిస్తే ముక్కు కాస్త పక్కకు జరిగి ఉండేది, పెదవి మెత్తబడి ఉండేది. ఎద్దు కొమ్ము గీరిన గాటు ఒకటి చెంప మీదికి వచ్చింది. అది ఉందని కొడుకైన మా ఆయనకు కూడా గుర్తు లేదు. నిద్రలో ఎవరో ఇంట్లోకి నడిచి వస్తున్నట్టు ఉండేది నాకు.

మళ్లీ జడ్చర్ల పోయినప్పుడు పెద్దాయన తల పట్టుకున్నాడు. ఆముదం ఏడాదైనా ఆరదట. అవిసె నూనె సీసా ఇచ్చాడు. సిగ్గుతో చచ్చి, మళ్లీ మొదటి నుంచి వేస్తాను, ఈసారి గట్టిగా ఆరుతుందని అత్తతో చెప్పాను.

"ఆరినంక ఏలు పెడితె కదులుతడా?"

కదలడన్నాను.

"అయితె జర ఆగు."

నేను ఆగాను. నా బతుకులో అదే మొదటిసారి.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె కింది రెప్పను గోటి చివరతో ఇంతే ఇంత ఒత్తింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత కొంగు తల మీదికి లాక్కుంది, పెద్దవాళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు లాక్కున్నట్టు.

"నాకుగూడ అత్త, మామ, ఆడిబిడ్డలు, ఇల్లు నిండ మనుషులే ఉండిరి. పొద్దుమీకినంక సీకట్ల తప్ప మాట లేదు. ఆయన మొఖం గిట్ల ఎదురుంగ కూసోని ఎన్నడు సూడలే" అంది. అప్పుడు నా వైపు తిరిగింది. "నువ్వు జర సేపు బయట కూసో బిడ్డా."

నేను కుంచెలు తీసుకుని బయటికి వచ్చి, తలుపు దగ్గరికి వేశాను.