హౌజు కాడ వినబడ్డ పేరు

నవ్వేటోళ్ళు ఇప్పుడే నవ్వుండ్రి. మధ్యల నవ్వితే ఊకోను. ఇది ఎవరో చెప్తే విన్నది కాదు... నేను నిలబడి, నా చెవులతోని విన్నది.

రెండువేల ఐదో, ఆరో. గద్వాల అవతల కృష్ణ ఒడ్డుకు, టౌను మురికి మోరీనీళ్ళు సాఫ్ చేసే ప్లాంటు ఒకటుండె. అప్పటికే బందైంది. మెషీన్లు తుప్పు పట్టినయి, గేటుకు తాళం. మోరీనీళ్ళు ఆగవు గదా... గోడ బయటున్న లోతు సిమెంటు హౌజుల నిండి, పొంగి, నదిల కలుస్తుండె. ఆ హౌజుకు మోటరు పెట్టి మేము గడ్డి పెంచుతుంటిమి. పెబ్బేరు సంతల కొన్న రెండు బర్లు, వాటి పాలే మా బతుకు. కంపు అంటరా... గడ్డి ఏపుగ వస్తుంటె ముక్కెవరు మూసుకుంటరు?

మోటరు కరెంటు అర్ధరాత్రి దాటినంకనే ఇస్తుండ్రి. ఆ రాత్రి మోటరు నీళ్ళు గుంజలే. పైపు మూతికి ప్లాస్టిక్ కవర్లు చుట్టుకున్నయి. అసలే ఎండకాలం, హౌజుల నీళ్ళు గుడ అడుక్కు దిగినయి.

"దిగి తీస్త," అన్నడు మా ఆయన. స్టార్టరు డబ్బాలకెల్లి ఫీజులు పీకి నా చేతుల పెట్టిండు. "కొంగుకు కట్కో. నేను పైకొచ్చేదాక ఎవ్వరడిగినా ఇయ్యకు."

"ఈడ నక్కలడుగుతయా?" అన్న.

మాకు కరెంటు భయమే. హౌజుల మురిగిన గాలి గుడ మనిషిని సంపుతదని ఎవరికి తెల్సు?

ఇనుప నిచ్చెన మీద దిగిండు. బ్యాటరీ లైటు ఆయన కాడనే. నాకు చీకటి. కింద నీళ్ళ సప్పుడు... చలుక్... చలుక్... కవర్లు చింపుతున్న సప్పుడు...

"వస్తున్నయా?"

"ఆఁ."

జరసేపటికి సప్పుడు ఆగిపోయింది.

"ఏమయ్యా..."

పలుకు లేదు. కప్పలు గుడ ఊకున్నయి. గట్టు అంచుకు వంగి కిందికి చూసిన...

అప్పుడు... తాళమేసిన ప్లాంటు లోపలి నుంచి... ఆడమనిషి గొంతు. మెల్లగ. మా ఆయన పేరు.

మా దిక్కు మొగని పేరు నోటితోని చెప్పరు. రేషన్ కార్డు రాసేకాడ గుడ నా బిడ్డతోనే చెప్పించిన. గని ఆ గొంతు... నాదే. చెయ్యి తీసి నోటి మీద పెట్టుకున్న. పెదవులు మూసే ఉన్నయి. మళ్ల వినబడ్డది. అదే పేరు.

నిచ్చెన కదిలింది. టంగ్... టంగ్... తల కనబడ్డది. రెక్క పట్టి గుంజిన. గట్టు మీద పడి కక్కుకున్నడు. నేను బోరున ఏడ్చిన.

"ఒళ్ళు తేలిపోయింది. నిద్రొస్తుండె... ఆడ్నే కూసుందమనుకున్న," అన్నడు. "నువ్వు పేరు పెట్టి పిలిస్తివి. ఎవరన్న వింటరని సిగ్గుతోని లేసి ఎక్కిన."

"నేను పిలువలే," అన్న.

ఆయన మెల్లగ ప్లాంటు దిక్కు తల తిప్పిండు.

తెల్లారి పోయి చూసినం. గేటు తాళం మీద దుమ్ము గుడ చెదరలే. మోటరు తెచ్చుకున్నం, బర్లను అమ్మినం. అది ఆయన్ని కాపాడిందా... తన కాడికి పిలుసుకున్నదా... నాకు తెల్వదు.

ఆయన మాత్రం ఎప్పుడన్న అడుగుతడు. "ఒక్కపారి నా పేరు పెట్టి పిలువు. అదే గొంతో కాదో చెప్త."

నేను పిలువ. అదే గొంతైతే ఏం జెయ్యాలె... కాకపోతే ఏం జెయ్యాలె?