తాయిఫ్ తోటలో కాలువ

జెద్దా ఆఫీసులో నాతో పనిచేసే ఎలెనాది స్పెయిన్‌లో కొండ కింద చిన్న పల్లె. ఒక శుక్రవారం ఇద్దరం తాయిఫ్‌లో దానిమ్మ తోట చూడ్డానికి వెళ్లాం. తోట యజమాని, ముసలాయన, నీటి కాలువ చూపించి "సాకియా" అన్నాడు.

ఎలెనా ఉలిక్కిపడింది. "మా ఊళ్లో కాలువను అసేకియా అంటాం. వందల ఏళ్ల కిందట అరబ్బులు తవ్వింది. తర్వాత మావాళ్లే వాళ్లను వెళ్లగొట్టారు" అంది మెల్లగా.

ఆయనకు తర్జుమా చేస్తున్న నాకు ఆ చివరి మాట అరబీలో చెప్పడానికి నోరు రాలేదు.

"ఫరవాలేదు, చెప్పండి" అంది. చెప్పాను.

ఆయన కాసేపు నీళ్లకేసి చూసి, "మీ ఊరి కాలువలో ఇంకా నీళ్లు పారుతున్నాయా?" అని అడిగాడు.

"పారుతున్నాయి. ఏటా ఊరంతా కలిసి పూడిక తీస్తాం."

"అల్‌హమ్దులిల్లా! పూడిక తీసేవాళ్లకు నా సలాం చెప్పు తల్లీ" అన్నాడు.

సలాం అన్న మాట వినగానే, నేను తర్జుమా చేయకముందే ఎలెనా కళ్లు నిండాయి.