నరం కోసి చూశారు, పని మాత్రం నన్నడగలేదు

ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం, ఎమ్మిగనూరు బస్టాండులో దిగి అక్క ఇంటికి నడుస్తున్నాను. "ఏమ్మా, సెప్పు ఆడ పడిపోయింది, సూసుకోలేదా?" అని వెనక వస్తున్న ఒకామె కేకేసింది. చూస్తే ఎడమ కాలికి చెప్పు లేదు. రోడ్డు కాలిపోతున్నా నాకు తెలియలేదు.

మాది ఆదోని. చెప్పులు కుట్టడం మా బతుకుతెరువు. మా ఆయన వరండాలో తోలు కోసి కుడితే, లోపల చెప్పుల అట్టలు అంటించేది నేను. దుమ్ము పడకుండా తలుపూ కిటికీ మూసుకుని, సొల్యూషన్ జిగురు డబ్బా ముందు పెట్టుకుని పొద్దుగూకేదాకా అంటించేదాన్ని.

ఆ చెప్పు జారిన రెండు నెలల్లో మెట్లెక్కలేకపోయాను. గ్లాసు చేతిలో నిలిచేది కాదు. ఒక డాక్టరు బలానికి సూదులు వేశాడు. ఇంకొకాయన పాదం మీద గుచ్చి చూసి "కుష్టేమో" అన్నాడు. టెస్టులో కాదని తేలింది గానీ, ఆలోపే పక్కింటివాళ్లు మా ఇంట్లో నీళ్లు ముట్టడం మానేశారు. షుగరూ లేదు. ప్రతిచోటా "ఏం పని చేస్తుంది?" అని మా ఆయన్నే అడిగేవాళ్లు. "ఏం లేదు సార్, ఇంట్లోనే ఉంటాది" అనేవాడు. నేను నోరు తెరిచేలోపు డాక్టరు రాసేసుకునేవాడు. కోపంతో ఒళ్లు మండేది.

చివరికి బెంగళూరులో ఒక పెద్దాసుపత్రికి పోయాం. నరాల్లో కరెంటు ఎట్లా పోతుందో చూసే నర్వ్ కండక్షన్ టెస్టు చేశారు. చీలమండ దగ్గర కోసి బయాప్సీకి నరం ముక్క తీశారు. "ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూడాలమ్మా. మా రీసెర్చికి నరం కొలతలు కూడా తీసుకుంటాం" అంది డాక్టరమ్మ. ఆ కొలతలు అయ్యేదాకా వారాల తరబడి వార్డులో పడి ఉన్నాను.

ఒకరోజు ఆమె నా నరం ముక్క ఫోటో తెచ్చి చూపింది.

"నరం లోపల సన్నటి పోగులుంటాయి. న్యూరోఫిలమెంట్లు, ఒకరకం ప్రోటీన్. నీ నరంలో అవి గుట్టలు పడి నరం ఉబ్బింది. జిగురు ఆవిరి పీల్చేవాళ్లలో ఇట్లా ఉంటుంది. మీ ఇంట్లో జిగురు వాడతారా?"

మా ఆయన తల దించుకున్నాడు.

"అంటించేది నేనే గదమ్మా! ఏడేండ్ల నుంచీ, తలుపులేసుకుని! నన్ను ఒక్కరన్నా అడిగినారా?" అని అరిచాను. వార్డంతా తిరిగి చూసింది.

మందేమీ లేదు, సొల్యూషన్ వాసన తగలకూడదు, అంతే అన్నారు. మానేశాక కూడా రెండు నెలలు కాళ్లు ఇంకా ఎక్కువ చచ్చుబడ్డాయి. మంచం దిగలేదు. "మానినా తగ్గలేదే!" అని చూడవచ్చిన ప్రతివాళ్లూ అనడమే. డాక్టరమ్మకు ఉత్తరం రాయిస్తే, "కొన్నాళ్లు ముదిరి, తర్వాతే తగ్గుతుంది. ఓర్చుకో" అని జవాబొచ్చింది. ఏడాదికి కర్ర పట్టుకుని లేచాను. ఇంకో ఏడాదికి కర్ర వదిలేశాను.

ఇప్పుడు బజారుకు నేనే పోయి వస్తాను. వేళ్ల చివర మొద్దుతనం మాత్రం పోలేదు. అంటించే పని మా ఆయన వాకిట్లో, గాలికి కూర్చుని చేస్తున్నాడు.

డాక్టరు దగ్గరికి ఎవరి వెంట పోయినా, మీ సంగతి మీరే చెప్పండి. లేచినప్పటి నుంచి మీ చేతులు ఏమేం ముట్టుకుంటాయో, ఏ గదిలో కూర్చుంటారో అన్నీ చెప్పండి. మీ ఇంట్లోవాళ్లు దాన్ని పని అనకపోయినా సరే, చెప్పండి.