సారు స్కూటర్ తాళంచెవి

మా పీహెచ్‌డీ గైడు సారు పోయారని ఆయన భార్య, మా మేడంగారు ఫోన్ చేసినప్పుడు నేను కొండాపూర్ ఆఫీసులో కారు సీటు చట్రాన్ని కంప్యూటర్ మీద వంచుతున్నాను. ఆ వంచడం నాకు నేర్పింది ఆయనే.

మా ల్యాబులో ఒక ఆచారం ఉండేది. మెగ్నీషియం రేకు ఏదైనా సరే, మెషీను ఎక్కేముందు సారు తన పెన్ను చుట్టూ వంచి చూసేవారు. అది చాలా తేలికైన లోహం, కానీ మహా మొండిది. లోపలి పరమాణువుల పొరలు ఒక్క దిక్కుకే సులువుగా జారతాయి. ఇంకో దిక్కుకు వంచితే ఠప్పున విరుగుతుంది.

"దీనికి ఒక్కటే తొవ్వ ఎరుక. మనం జర ఇంకోటి చూపియ్యాలె, గంతే" అనేవారు. ఆ దారి చూపడానికి కొంచెం జింకు, చిటికెడు కాల్షియం కలిపేవాళ్లం.

మూడో ఏడు వచ్చినా నా రేకులు వంగలేదు. చిటికెడు మేలు చేస్తే గుప్పెడు ఇంకా మేలు చేస్తుందనుకుని, సారుకు చెప్పకుండా కాల్షియం ఎక్కువేశాను. ఎక్కువైన కాల్షియం లోపల పెళుసు గడ్డలు కట్టి, రోలర్ల మధ్య రేకు అప్పడంలా ముక్కలైంది. సారు పడీపడీ నవ్వారు.

"తొవ్వ చూపియ్యమంటే బండలు అడ్డం పెట్టినవేందిర!"

నాకు నవ్వు రాలేదు. జేబులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కాగితం ఉంది. "పీహెచ్‌డీ మానేస్తానండి సార్" అన్నాను.

"పోతే పో, ఎవరొద్దన్నరు? ఇంకొక్క పోత పోసి పో."

ఈసారి కాల్షియం ఆయనే తూచారు. నాలుగో రోజు రేకు చేతికొచ్చింది. ఆయన దాన్ని పెన్ను చుట్టూ మెల్లగా తిప్పుతుంటే నేను కళ్లు మూసుకున్నాను. చప్పుడు లేదు. కళ్లు తెరిచేసరికి సారు కొక్కెంలా వంగిన ఆ రేకుకు తన స్కూటర్ తాళంచెవి తగిలించుకుంటున్నారు. "ఇగ ఇది నాది. నువ్వు థీసిస్ రాసుకో." ఆ ఉద్యోగంలో నేను చేరలేదు. అందుకు ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

మేడంగారి ఫోన్ వచ్చిన రోజు గోపన్‌పల్లిలో వాళ్లింటికి వెళ్తే గేటు దగ్గర స్కూటర్ అడ్డంగా ఉంది. "జర పక్కకు పెట్టు నాయినా, వచ్చేటోళ్లకు ఇబ్బందైతది" అంటూ మేడంగారు తాళంచెవి నా చేతిలో పెట్టారు. రేకు నల్లబడింది. వంపు మీద గోరుతో తడిమాను. ఎక్కడా పగులు లేదు. అప్పుడొచ్చింది ఏడుపు.

తాళంచెవి పెట్టి తిప్పి స్కూటర్‌ను గోడ వారకు నెడుతుంటే, హ్యాండిల్ కింద ఆ కొక్కెం ఊగుతూనే ఉంది.